చార్జి తీసుకోనిదే డిశ్చార్జి లేదు

కండక్టరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు తెలిసిన చార్జి ఒక్కటే. బస్సెక్కినవాడు ఇవ్వాల్సింది, ఇవ్వకుండా కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చునేది. ఆ మాటకు లోకంలో ఇంకా అర్థాలున్నాయని తెలియక కాదు. సెల్‌ఫోనుకి పెట్టేదీ చార్జే, పోలీసు లాఠీతో చేసేదీ చార్జే, కొత్త డిపో మేనేజరు వచ్చి తీసుకునేదీ చార్జే, మేము తప్పు చేస్తే ఆయన మా చేతికిచ్చే కాగితమూ చార్జిషీటే. అయినా ఏనాడూ ఎవరికీ తికమక రాలేదు. "చార్జి ఇయ్యి మామ్మా" అంటే ఏ ముసలమ్మా నన్ను లాఠీతో కొట్టబోలేదు. బుర్ర ఉన్నవాడికి పక్కనున్న మాటను బట్టి అర్థం తెలిసిపోతుంది. ప్రభుత్వానికి ఆ సౌకర్యం లేకపోవడం వల్ల, హెర్నియా ఆపరేషనుకని వెళ్ళిన నేను మా ఊరి పెద్దాసుపత్రికి సూపరింటెండెంటునయ్యాను.

దీనికంతటికీ మూలం ఒక అమాత్యుల వారి సెల్‌ఫోను. ఎక్కడో సభలో ఆయన మాట్లాడుతుండగా ఫోను ఆరిపోబోయిందట. పక్కకు తిరిగి "చార్జి! చార్జి!" అని కేకేశారు. వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టరు స్వామిభక్తి గలవాడు. క్షణం ఆలస్యం చేయకుండా లాఠీలు లేచాయి. దండలు పట్టుకుని స్వాగతం చెప్పడానికొచ్చిన మహిళా సంఘాల వాళ్ళ వీపులు వాచిపోయాయి. ఫోను మాత్రం ఆరిపోనే ఆరిపోయింది.

మామూలు మనిషైతే ఇన్‌స్పెక్టరుని నాలుగు తిట్టి ఊరుకునేవాడు. ప్రభుత్వం కదా, విచారణ జరిపి తప్పు మాటదని తేల్చింది. ఒకే ఇంగ్లిషు మాటకు ఇన్ని అర్థాలుండబట్టే కదా ఈ అనర్థం! కనుక ఇకమీదట ఆఫీసుల్లో వాడే ప్రతి ఇంగ్లిషు మాటకూ ఒకే అర్థం ఉండాలి. ఆ ఒక్క అర్థం ఏదో తేల్చడానికి "ఏకపదార్థ అమలు సంఘం" వేశారు. పదానికి అర్థం పదార్థం, ఒక పదానికి ఒకే అర్థం ఏకపదార్థం. ఇంగ్లిషు మాట కాబట్టి సంఘం వాళ్ళు ముందు లండను వెళ్ళి, చలికోట్లు కొనుక్కుని తిరిగొచ్చి పనిలో దిగారు.

మా ఆర్టీసీ వాళ్ళు చార్జి అంటే టికెట్టు డబ్బులే అని వాదించారట. పోలీసు వాళ్ళు లాఠీలు చూపించారు. కరెంటు వాళ్ళు షాకు కొడతామన్నారు. సంఘంలో ఉన్నవాళ్ళంతా నెలకో కుర్చీ మారే పెద్ద అధికారులు, వాళ్ళకు తెలిసిన చార్జి ఒక్కటే. ఉత్తర్వు వచ్చేసింది. "ఇందుమూలముగా సమస్త కార్యాలయములకు తెలియజేయునది ఏమనగా, చార్జి అను ఆంగ్ల పదమునకు పదవీ బాధ్యతలు స్వీకరించుట అను అర్థము తప్ప అన్యార్థము లేదు. సదరు పదము తలగానో తోకగానో గల సమస్త పదములకు ఇదియే వర్తించును."

ఆ ఉత్తర్వు ఊరేగుతూ మా ఊరు చేరేసరికి నేను మగ వార్డులో ఆపరేషనయి పొత్తికడుపు పట్టుకుని పడుకుని ఉన్నాను.

మగ వార్డుకీ ఆడ వార్డుకీ మధ్య వరండా ఒకటే. అక్కడ చెల్లూరి నూకరత్నం కనబడింది. మా బస్టాండు ఎదుట పెసరట్ల బండి ఆవిడదే. పొద్దున్నే మొదటి సర్వీసు ఎక్కే ముందు ఆవిడ అల్లప్పచ్చడి నాలిక్కి తగలకపోతే నాకు చిల్లర లెక్కలు సరిగా వచ్చేవి కావు. పిత్తాశయంలో రాళ్ళు తీశారట. తేరుకుంది, చలాకీగా తిరుగుతోంది.

"రేపెల్లిపోతానండి కండక్టరు గారూ," అంది. "ఎల్లాలండి. మా లోవలక్ష్మికి నెలలు నిండిపోయాయి. తొలిచూలు. అల్లుడేమో లారీ మీద ఒరిస్సాలో ఎక్కడో ఉన్నాడు. ఇంటికాడ దానికి మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు."

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో పెద్ద హడావుడి. జిల్లా పదార్థ నిర్ధారణాధికారి కనకాంబరరావు గారు తనిఖీకి వస్తున్నారన్నారు. పదార్థాల అధికారి అనేసరికి క్యాంటీను యజమాని గుండె జారిపోయి, నాలుగు రోజులుగా మరుగుతున్న బజ్జీల నూనె మురుక్కాలవలో పారబోసి, ఆ పూట సాంబారులో నిజంగా పప్పు వేశాడు. ఈ పథకం వల్ల ప్రజలకు జరిగిన మొదటి మేలు అదే. అధికారి గారు క్యాంటీను వైపు కూడా చూడలేదు. నలగని ప్యాంటు, చంకలో ఉత్తర్వుల పుస్తకంతో నేరుగా ఆడ వార్డుకొచ్చారు. వెనకాలే సూపరింటెండెంటు డాక్టరు పరాంకుశం గారు. పైవాళ్ళు ఏమన్నా తలూపడం ఆయన వైద్యం. ఆ వైద్యంతోనే ఎన్నో ప్రభుత్వాల కింద ప్రాణాలతో ఉన్నారు.

డ్యూటీ డాక్టరమ్మ నూకరత్నం కుట్లు చూసి, "ఈవిణ్ణి ఇవాళ డిశ్చార్జి చేసేయొచ్చు సార్," అంది.

"ఆ మాట ఉపసంహరించుకొనుడు," అన్నారు కనకాంబరరావు గారు. "డిశ్చార్జి అనగా నేమి?"

"ఇంటికి పంపించడం సార్."

"అది రద్దయిన అర్థము. డిశ్చార్జి అనగా స్వీకరించిన పదవీ బాధ్యతల నుండి విముక్తి చేయుట. ఈమె ఏ పదవీ బాధ్యతలు స్వీకరించినది?"

నూకరత్నం కంగారుగా లేచి నిలబడింది. "నాకు పదవేంటండి బాబూ? పెసరట్ల బండండి."

"ప్రభుత్వ బండియా?"

"మా ఆయన చేయించిందండి. ఆయన పోయాడు, బండుంది."

"అనగా బాధ్యతలేవియు స్వీకరించలేదు. స్వీకరించని బాధ్యతల నుండి విముక్తి అసాధ్యము. గైకొననిది దింపజాలము."

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఇంకా ఆశ చావలేదు. "డిశ్చార్జి అనకుండా ఊరికే ఇంటికి పంపేస్తే?"

"డిశ్చార్జి కాగితము లేక గేటు దాటిన రోగి, పారిపోయిన రోగి అగును. పోలీసు వారికి తెలుపవలెను. అట్టివారికిని వారి కుటుంబమునకును ఈ ఆసుపత్రిలో ఇక వైద్యము లేదు." ఆయన పరాంకుశం గారి వైపు చూశారు. పరాంకుశం గారు తలూపారు. గేటు దగ్గర వాచ్‌మన్ భద్రానికి ఇంకో పెద్ద తాళం ఇప్పించారు.

నూకరత్నం, వరండాలోంచి ఇదంతా చూస్తున్న నా దగ్గరకొచ్చి కూలబడింది. "నేను పారిపోతే పారిపోయానండి. మరి రేపు పిల్లని ఇక్కడికే కదండీ తేవాలి? ప్రైవేటు ఆసుపత్రి గుమ్మం మనమెక్కగలమా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెసరట్టు తిరగేయడం తెలిసిన మనిషికి ఉన్న తెలివి ఇంత పెద్ద భవనంలో ఒక్కడికీ లేకపోయింది. ఉన్నా అది జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

ఆ తర్వాత ఆసుపత్రి చూడాలి. చేరేవాళ్ళు చేరుతున్నారు, వెళ్ళేవాళ్ళు లేరు. మంచానికి ఇద్దరయ్యారు, తర్వాత మంచం కిందకి కూడా పాకారు. కాలు విరిగినవాడి కట్టు మీద తల పెట్టుకుని కామెర్లవాడు నిద్రపోయాడు. ఇంత రద్దీ నేను పుష్కరాల స్పెషల్ బస్సుల్లోనే చూశాను. అక్కడ కనీసం తర్వాతి స్టాపులో నలుగురు దిగేవాళ్ళు.

ఊళ్ళో సంగతులు ఇంకా బాగున్నాయి. పోలీసు స్టేషన్లో ఒక లాఠీకి బొట్టు పెట్టి ఎస్సై కుర్చీలో పడుకోబెట్టి లాఠీచార్జి జరిపించారట. దాంతో జనానికి దెబ్బలు తప్పాయి, అది రెండో మేలు. బస్సులో ఒక పెద్దమనిషి "చార్జి తీసుకో బాబూ" అని డబ్బులివ్వబోతే కొత్త కుర్ర కండక్టరు వెళ్ళి డ్రైవరు సీటెక్కబోయాడట. మా అంబులెన్సు బ్యాటరీలో చార్జి అయిపోయింది. అంటే దాని పదవీకాలం ముగిసిందన్నమాట. మళ్ళీ చార్జి ఇవ్వాలంటే నియామక ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు తెప్పించారు. బ్యాటరీకి దండ వేసి, బొకే ఇచ్చి, సిబ్బందంతా వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. పేపర్లో ఫొటో పడింది. అంబులెన్సు మాత్రం అంగుళం కదల్లేదు. అందులో వింతేముంది? మనుషులు చార్జి తీసుకున్న ఆఫీసులు మాత్రం కదులుతున్నాయా?

నూకరత్నం రోజూ సూపరింటెండెంటు గది గుమ్మంలో కూర్చునేది. "అయ్యగారూ, నాకూ ఓ చార్జి పడేయండి. చెత్తబుట్టకైనా సరే. సాయంత్రానికి దింపేద్దురుగాని."

పరాంకుశం గారికి ఆ మాట నచ్చింది. ఒక్కో రోగినీ ఒక్కో ఫ్యానుకి ఇన్‌చార్జిని చేసి, వెంటనే డిశ్చార్జి చేసేస్తే మంచాలు ఖాళీ అవుతాయి కదా అని కనకాంబరరావు గారిని అడిగారు. ఆయన తనిఖీకని వచ్చి, పథకం అమలు కళ్ళారా చూడాలని అతిథి గదిలోనే మకాం పెట్టారు.

"మంజూరైన పోస్టులకు మాత్రమే చార్జి వర్తించును," అన్నారాయన. "ఫ్యానుకు పోస్టు లేదు. చెత్తబుట్టకు కలదు గాని ఖాళీ లేదు. ఈ ఆసుపత్రిలో ఖాళీగా నున్న పోస్టు ఒక్కటియే. సూపరింటెండెంటు."

నిజమే. పరాంకుశం గారు ఏళ్ళ తరబడి ఇన్‌చార్జి సూపరింటెండెంటే. అసలు సూపరింటెండెంటు ఎన్నడూ రాలేదు, వస్తాడన్న నమ్మకం కూడా ఎవరికీ లేదు.

నేను అప్పుడు గుమ్మంలోనే ఉన్నాను. మంట కొద్దీ అన్నాను. "ఖాళీ సీటు ఒకటే ఉంటే ఏం పోయిందండి? మా బస్సులో చూడలేదా? ఒకడు లేస్తే ఇంకొకడు కూర్చుంటాడు. రోగులందర్నీ వరసగా ఆ కుర్చీలో కూర్చోబెట్టి లేపేయండి."

నేనన్నది వెటకారం. వెటకారాన్ని గుర్తుపట్టే శక్తే ఉంటే వాళ్ళా ఉద్యోగాల్లో ఎందుకుంటారు? కనకాంబరరావు గారి మొహం వెలిగిపోయింది. "నిబంధనలకు సర్వవిధముల అనుకూలము!" అన్నారు. అప్పటికప్పుడు మెమో తయారైంది.

మర్నాడు పొద్దున్నుంచే సూపరింటెండెంటు గది ముందు క్యూ. సెలైన్ సీసాలు చేత్తో పట్టుకుని కొందరు, కర్రలూనుకుని కొందరు. లోపలికి వెళ్ళడం, పరాంకుశం గారి చేతుల్లోంచి బొకే అందుకోవడం, కుర్చీలో కూర్చుని "చార్జి తీసుకున్నాను" అని సంతకం, లేచి "అప్పగించాను" అని సంతకం, డిశ్చార్జి కాగితం పుచ్చుకోవడం. బొకే ఒకటే. అందరి చేతుల్లో నలిగి చివరికి గోంగూర కట్టలా తయారైంది. నా వంతు వచ్చింది. కూర్చున్నాను. అబద్ధమెందుకు, కూర్చోగానే బల్ల మీది గంట కొట్టి ఎవరినో ఒకర్ని కేకలెయ్యాలనిపించింది. నా ముందు కూర్చున్న కామెర్లవాడైతే లేవనని మొరాయించి, ఇద్దరు నర్సుల జీతం కోస్తానన్నాడు. అతన్ని లాగి లేపాల్సొచ్చింది. ఆ కుర్చీలో ఏదో ఉంది.

నా కాగితం చేతికొచ్చినా కదలబుద్ధి కాలేదు. నూకరత్నం వెనకే ఉంది. పాపం ఆవిడ మొహం పాలిపోయి ఉంది. తెల్లవారినప్పటి నుంచి లోవలక్ష్మికి నొప్పులట. పక్కింటి సూరమ్మ ఆటో కోసం వెళ్ళిందట.

ఇంతలో కనకాంబరరావు గారు ఒక కాగితం పట్టుకుని పొంగిపోతూ వచ్చారు. "శుభవార్త! ఈ ఉదయముననే సంఘము వారు రెండవ పదమును నిర్ధారించినారు. డెలివరీ! డెలివరీ అనగా వస్తువును చిరునామాదారుని ఇంటి గుమ్మము వద్ద అప్పగించి సంతకము గైకొనుట. అన్యార్థము లేదు. తక్షణమే అమలుకు గేటు వారికి ఆదేశములిచ్చితిని."

నేను నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

నూకరత్నం వంతు వచ్చింది. బొకే అందుకుంది. కుర్చీలో చివరంచున కూర్చుని మొదటి సంతకం పెట్టింది. రెండో సంతకానికి కలం ఎత్తేసరికి ఆవిడ ఫోను మోగింది. సూరమ్మ గొంతు గదంతా వినబడింది.

"అక్కా, గేటు కాడ ఆపేశారే! డెలివరీ అంటే ఇంటి గుమ్మంలోనే చెయ్యాలంట, ఇది ఇల్లు కాదంట. పిల్ల ఆటోలో మెలికలు తిరిగిపోతందే! ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదే!"

గదిలో అందరం కనకాంబరరావు గారి వైపు చూశాం. ఆయన గొంతు సవరించుకున్నారు. "నిబంధన సుస్పష్టము. సదరు మహిళను చిరునామాకు తరలించవలెను. అసౌకర్యమైనచో డెలివరీని వేరొక తేదీకి మార్చుకొనుటకు దరఖాస్తు చేసుకొనవచ్చును."

పరాంకుశం గారు తలూపారు. "నూకరత్నం గారూ, తొందరగా రెండో సంతకం పెట్టి లేవండి. వెనకాల జనం ఉన్నారు."

నూకరత్నం కలం బల్ల మీద పెట్టేసింది. కుర్చీలో వెనక్కి జరిగి సరిగా కూర్చుంది.

"లేవను," అంది.

"అదేమిటమ్మా?"

"ఇప్పుడీ ఆసుపత్రి చార్జి ఎవరిదండి?"

పరాంకుశం గారు కనకాంబరరావు గారి వైపు చూశారు.

"సదూకున్నోళ్ళు కదండీ, చెప్పండి. మొదటి సంతకం పెట్టాను, రెండోది పెట్టలేదు. చార్జి ఎవరిది?"

పరాంకుశం గారు సంతకాల కాగితం తిప్పి చూశారు. "నిబంధనల ప్రకారం... ప్రస్తుతానికి... మీదేనమ్మా."

నూకరత్నం గంట కొట్టింది. ఆ గదిలో ఆ గంట అంత గట్టిగా మోగడం నేనెన్నడూ వినలేదు. "భద్రం! గేటు తియ్యి! డాక్టరమ్మా, నువ్వు కిందకి పద తల్లీ. స్ట్రెచరు పంపించండి. నా కూతురొచ్చింది."

డాక్టరమ్మ ఆ మాట కోసమే కాచుకున్నట్టు పరిగెత్తింది. కనకాంబరరావు గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి చేతులు చాచారు. "అమ్మా! సూపరింటెండెంటునకైనను ఉత్తర్వు మీరు అధికారము లేదు! ఆసుపత్రిలో డెలివరీ నిషిద్ధము!"

"డెలివరీ ఎవడిక్కావాలండి?" అంది నూకరత్నం. "నా పిల్లకి కానుపు."

ఆయన చంకలోంచి ఉత్తర్వుల పుస్తకం తీశారు. కానుపు అన్న మాటకు ఉత్తర్వు ఉందేమోనని పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. ఇంగ్లిషు మాటల సంఘం కదా, తెలుగు మాట జోలికి పోలేదు. ఆయన వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పుతుండగానే భద్రం తాళాలు రెండూ తీశాడు, స్ట్రెచరు లోపలికొచ్చింది. వరండాలో ఆయన పక్కనుంచే లోవలక్ష్మి కేకలు పెడుతూ వెళ్ళింది. ఆయన పేజీ తిప్పారు. లోపల బిడ్డ ఏడుపు వినబడింది. ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నారు. చివరి పేజీ అయిపోయింది. కానుపు ఎక్కడా లేదు. నిబంధన లేని పని తన కళ్ళెదుటే జరిగిపోయిందని అర్థమై, బీపీ పెరిగి, ఉత్తర్వుల పుస్తకంతో సహా వరండాలో కూలబడ్డారు.

నూకరత్నం బయటికొచ్చి చూసింది. నలిగిన బొకే ఇంకా చేతిలోనే ఉంది. "పాపం, ఈయన్ని కూడా చేర్చుకోండి," అంది. చేర్పు కాగితం మీద సూపరింటెండెంటు హోదాలో సంతకం పెట్టింది. మగ వార్డులో నా మంచం ఖాళీగానే ఉంది. అందులో పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. తర్వాత ఆవిడ లోపలికెళ్ళి రెండో సంతకం పెట్టి, కుర్చీ పరాంకుశం గారికి అప్పగించి, కాగితం కొంగున ముడేసుకుని మనవరాలి దగ్గరకెళ్ళింది.

కుట్లు విప్పించుకోవడానికి నేను మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు ఖాళీ. ఒక్క మంచం మీద కనకాంబరరావు గారున్నారు. ప్యాంటు బాగా నలిగింది. ఎప్పుడో తేరుకున్నారట. ఇంటికి వెళ్ళబోతే భద్రం డిశ్చార్జి కాగితం అడిగాడట. అందరిలాగే తానూ కుర్చీలో కూర్చుని లేస్తానంటే పరాంకుశం గారు రెండు చేతులూ జోడించారట. "అయ్యో, తమ హోదా ఎక్కడ, ఈ కుర్చీ ఎక్కడ! పై అధికారి కింది పోస్టు చార్జి తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం సార్!" ఆ నిబంధన కూడా ఉత్తర్వుల పుస్తకంలోనే ఉంది. సంఘం వారికి ఫోను చేస్తే, మూడో మాట కోసం మళ్ళీ విమానమెక్కారని చెప్పారట.

నేనక్కడ ఉండగానే నూకరత్నం కూతురికి క్యారియరు పట్టుకుని వరండాలోకి వచ్చింది. కనకాంబరరావు గారు కిటికీ ఊచలు పట్టుకుని పిలిచారు. ఈసారి గ్రాంథికం రాలేదు.

"అమ్మా, నువ్వు చెబితే పరాంకుశం గారు వింటారు. నన్నెలాగోలా డిశ్చార్జి చెయ్యమని చెప్పమ్మా."

నూకరత్నం ఆగింది. ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎలా చేస్తారండి బాబూ? డిశ్చార్జి అంటే ఉన్న బాధ్యత లోంచి తప్పించడం అని మీరేగా చెప్పారు. మీకెప్పుడైనా ఏదన్నా బాధ్యతంటూ ఉందాండి?"

ఆవిడ వెళ్ళిపోయింది. కనకాంబరరావు గారు తలగడ కింద నుంచి ఉత్తర్వుల పుస్తకం తీసి, వేలు తడుపుకుని, మొదటి పేజీ నుంచి వెతకడం మొదలుపెట్టారు.